మార్కప్ వేరు, మార్జిన్ వేరు: వంద మీద ఇరవై, వందలో ఇరవై

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఏడాది క్రితం హార్డ్‌వేర్, ప్లంబింగ్ సామాన్ల షాపు పెట్టారు. ప్రతి వస్తువుకీ కొన్న రేటు మీద 20 శాతం వేసుకుని అమ్మారు. ఏడాది అమ్మకాలు 60 లక్షలు. అందులో 20 శాతం, అంటే 12 లక్షలు మిగలాలని మీ లెక్క. అకౌంటెంట్ మాత్రం 10 లక్షలే తేల్చి, మీ గ్రాస్ మార్జిన్, అంటే అద్దె, జీతాల్లాంటి ఖర్చులు తీయకముందు అమ్మకంలో మిగిలేది, 16.67 శాతం అన్నారు. మిగతా 2 లక్షలు ఏమయ్యాయో అర్థం కాక, షాపులో పనిచేసే కుర్రాడి మీద అనుమానం మొదలైంది. మార్కప్, మార్జిన్ రెండూ ఒకటే కదా అని కూడా అడిగారు.

ముందు ఆ కుర్రాడి సంగతి. ఈ అంకెల్ని పట్టుకుని అతన్ని ఒక్క మాట కూడా అనకండి. ఆ 2 లక్షలు ఎవరూ తీయలేదు, అసలు ఆ డబ్బు ఎప్పుడూ లేదు. ఏళ్ల తరబడి షాపుల లెక్కలు రాస్తున్నాను. మంచి పనివాళ్లను యజమానులు ఇదే తికమకలో పడి పోగొట్టుకోవడం చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

100 రూపాయలకు కొన్న కుళాయి మీద 20 వేసుకుంటే 120కి అమ్ముతారు. మిగిలింది 20. ఆ 20ని కొన్న 100తో పోలిస్తే 20 శాతం. దాన్ని మార్కప్ అంటాం. అదే 20ని అమ్మిన 120తో పోలిస్తే 16.67 శాతం. దాన్ని మార్జిన్ అంటాం. మిగిలిన డబ్బు ఒకటే, పోల్చే అంకె మారింది. మీ షాపు మొత్తానికి ఇదే లెక్క వేయండి. 50 లక్షల సరుకు మీద 20 శాతం వేస్తే 10 లక్షలు, అమ్మకం 60 లక్షలు. అకౌంటెంట్ లెక్క సరిగ్గానే ఉంది. మీరు కొన్న ధర మీద వేసిన శాతాన్ని తీసుకెళ్లి అమ్మకం మీద లెక్కగట్టారు. తేడా అక్కడ వచ్చింది.

మన మాటల్లో అయితే వంద మీద ఇరవై మార్కప్, వందలో ఇరవై మార్జిన్. ఎవరైనా శాతం చెప్పినప్పుడు "దేని మీద?" అని అడగడం అలవాటు చేసుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఒకదాన్నుంచి రెండోదానికి మారడానికి సూత్రాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వంతుల్లో ఆలోచించండి. కొన్న ధరలో ఐదో వంతు వేసుకుంటే అమ్మిన ధరలో ఆరో వంతు మిగులుతుంది. నాలుగో వంతు వేస్తే ఐదో వంతు. మూడో వంతు వేస్తే నాలుగో వంతు. సగం వేస్తే మూడో వంతు. కొన్నదానికి రెట్టింపు రేటుకి అమ్మితే సగం. వేసింది ఎన్నో వంతో చూసి, దానికి ఒకటి కలిపితే మిగిలేది ఎన్నో వంతో తెలిసిపోతుంది. అంటే మీకు నిజంగా అమ్మకంలో 20 శాతం, ఐదో వంతు, మిగలాలంటే కొన్నదాని మీద నాలుగో వంతు, 25 శాతం, వేసుకోవాలి. 100కి కొన్నది 125కి అమ్మాలి.

ఇక్కడ ఒక సంగతి నాకు నచ్చలేదు, అది మీ అకౌంటెంట్‌ని అడగండి. 16.67 అంటే మరీ సరిగ్గా సరిపోయింది. హార్డ్‌వేర్ షాపులో పైపులు పగులుతాయి, వైరు కోసేటప్పుడు ముక్కలు మిగులుతాయి, స్క్రూల డబ్బాలో లెక్క తప్పుతుంది, తెలిసినవాళ్లకు పదో పరకో తగ్గిస్తాం. ఇవన్నీ పోను ఏ షాపుకైనా, వేసుకున్న శాతాన్ని బట్టి రావాల్సిన మార్జిన్ కంటే నిజం కాస్త తక్కువగానే తేలుతుంది. మీకు పైసాతో సహా సరిపోయిందంటే, ఏడాది చివర మిగిలిన సరుకుని ఎవరూ లెక్కపెట్టలేదేమో. "20 శాతం వేస్తున్నారు కదా" అని అమ్మకాల నుంచి వెనక్కి లెక్కగట్టి, క్లోజింగ్ స్టాకు ఇంత ఉండాలి అని రాసేసి ఉండొచ్చు. చిన్న షాపుల లెక్కల్లో ఇది మామూలే. అలా రాస్తే తరుగు ఉన్నా కనపడదు, దొంగతనం జరిగినా కనపడదు. ఒక ఆదివారం షాపు మూసి, మీరూ ఆ కుర్రాడూ కలిసి ర్యాకు ర్యాకూ లెక్కపెట్టండి. కొన్న రేటుకి విలువ కట్టండి. అప్పుడొచ్చే తేడాయే అసలైన తేడా.

ఇక ఈ రెండు మాటల తేడా నిజంగా ఎక్కడ నష్టం చేస్తుందో చెప్తాను. డిస్కౌంట్ ఇచ్చేటప్పుడు. డిస్కౌంట్ ఎప్పుడూ అమ్మే ధర మీదే లెక్క కడతాం. మేస్త్రీ కమీషన్ కూడా బిల్లు మీదే. ఆన్‌లైన్ యాప్ కమీషన్, కార్డు మెషీన్ చార్జీ, అన్నీ అమ్మిన డబ్బు మీదే. కాబట్టి వీటిని మార్జిన్‌తోనే పోల్చాలి. మార్కప్‌తో పోల్చారంటే దెబ్బ తింటారు.

మీ షాపులోనే చూడండి. 20 శాతం వేశాను కదా, బిల్డర్‌కి 10 శాతం తగ్గిస్తాను, మేస్త్రీకి 5 శాతం ఇస్తాను, నాకింకా 5 మిగులుతుంది అనుకుంటారు. 120 మీద 10 శాతం తగ్గిస్తే 108. అందులో 5 శాతం మేస్త్రీకి పోతే 5.40. మీ చేతిలో 102.60. 100 పెట్టుబడికి మిగిలింది 5 కాదు, 2.60. అందులోంచే అద్దె, కరెంటు, జీతం. పైగా మేస్త్రీ కమీషన్‌ని అకౌంటెంట్లు ఖర్చుల కింద రాస్తారు కాబట్టి గ్రాస్ మార్జిన్‌లో అది కనపడదు. మీరేమో గ్రాస్ బాగుందని సంతోషిస్తూ ఉంటారు.

మందుల షాపుల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ మందులకు, అంటే ధర నియంత్రణ జాబితాలో ఉన్నవాటికి, గరిష్ఠ ధర నిర్ణయించేటప్పుడు రిటైలర్‌కి 16 శాతం మార్జిన్ కలుపుతారు. ఉత్తర్వులో వాడిన మాట మార్జిన్. కానీ ఆ 16 శాతాన్ని లెక్కగట్టేది రిటైలర్‌కి పడే ధర మీద. అంటే మన భాషలో అది మార్కప్. 100 పడిన మందుకి పన్ను కాకుండా గరిష్ఠ ధర 116. ఇప్పుడు షాపాయన "నాకు 16 ఉంది, 15 శాతం డిస్కౌంట్ బోర్డు పెడదాం, ఒక శాతమైనా మిగులుతుంది, గిరాకీ పెరుగుతుంది" అనుకుంటే ఏమవుతుంది? 116లో 15 శాతం 17.40. అమ్మింది 98.60కి. కొన్నది 100కి. ప్రతి వంద రూపాయల సరుకు మీద రూపాయి నలభై పైసలు చేతి నుంచి పడుతుంది. గిరాకీ పెరిగినకొద్దీ నష్టం పెరుగుతుంది. ఆ ధరలో అతని అసలు మార్జిన్ 13.79 శాతమే. బోర్డు మీద అంతకు మించి రాయకూడదు. పెద్ద డిస్కౌంట్లు ఇచ్చే షాపులు దాన్ని వేరే సరుకులో, ఎక్కువ మార్జిన్ ఉన్న జనరిక్ మందుల్లో, కంపెనీ స్కీముల్లో రాబట్టుకుంటాయి. పక్క షాపు బోర్డు చూసి మనమూ పెడితే కుదరదు.

కర్రీ పాయింట్లు, చిన్న హోటళ్లు ఫుడ్ డెలివరీ యాప్‌లో చేరినప్పుడూ ఇదే లెక్క తప్పుతుంది. ఒక ఐటమ్‌కి ఖర్చు 100, దాని మీద 40 శాతం వేసి 140 పెట్టారు. యాప్ కమీషన్ 25 శాతం అనుకుందాం. 40లో 25 పోతే 15 మిగులుతుంది అనిపిస్తుంది. కానీ 140లో 25 శాతం 35. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ మరో 6.30. మొత్తం 41.30 పోగా చేతికి వచ్చేది 98.70. వండి, ప్యాక్ చేసి, ఎదురు డబ్బిచ్చి పంపుతున్నట్టు. ఇలాంటి చోట రోజూ ఆర్డర్లు కిటకిటలాడుతున్నా నెల తిరిగేసరికి అద్దెకి డబ్బుండదు. లోపం ఎక్కడుందో వాళ్లకు తెలియదు కూడా. పొద్దున్నుంచీ రాత్రి దాకా కష్టపడే మనిషికి ఇలా జరగడం చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఇది రెండు నిమిషాల లెక్క.

మార్జిన్ అనే మాటని ఇలా అటూ ఇటూ వాడటం మన దగ్గర చాలా మామూలు. కోవిడ్ సమయంలో, 2021 జూన్‌లో, ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ల మీద కేంద్రం పరిమితి పెట్టింది. అప్పటిదాకా డిస్ట్రిబ్యూటర్ స్థాయిలో మార్జిన్ 198 శాతం దాకా ఉందని, ఇకపై 70 శాతం దాటకూడదని చెప్పారు. అమ్మిన ధరలో మిగిలేది 100 శాతం ఎలాగూ దాటదు కదా. కాబట్టి ఆ 198 డిస్ట్రిబ్యూటర్‌కి పడిన ధర మీద వేసుకున్నది. 100 పడిన మిషన్ 298 అన్నమాట. అమ్మిన ధర మీద చూస్తే సుమారు 66 శాతం. పరిమితి పెట్టిన 70 శాతం కూడా అమ్మిన ధర మీద 41 శాతమే అవుతుంది. రెండు రకాల అంకెలూ నిజమే, కానీ ఒకదాన్ని ఇంకోదాని పక్కన పెట్టి పోల్చకూడదు.

సబ్బులు, బిస్కెట్ల కంపెనీల సేల్స్‌మన్ "పది శాతం మార్జిన్" అంటే చాలాసార్లు షాపుకి పడే రేటు మీద 10 అని అర్థం. ఎమ్మార్పీ మీద అది 9.09. ఈ రెండో లెక్కకి వాళ్ల వాడుకలో మార్క్‌డౌన్ అని పేరు. రెండు కంపెనీల్ని పోల్చేటప్పుడు "మార్కప్‌లోనా, మార్క్‌డౌన్‌లోనా?" అని అడిగితే సేల్స్‌మన్ వెంటనే సరిగ్గా చెప్తాడు. వాళ్లు రోజూ వాడే మాటలే అవి. చాలా టేబుల్ క్యాలిక్యులేటర్ల మీద ఎంయూ అనే బటన్ ఉంటుంది. మార్కప్ అని దాని పేరు. 80 కొట్టి, భాగహారం గుర్తు, 20, ఆ తర్వాత ఎంయూ నొక్కితే 100 వస్తుంది. అంటే అది 80 మీద 20 శాతం వేయలేదు, 100లో 20 శాతం మిగిలేలా ధర పెట్టింది. పేరు మార్కప్, చేసేది మార్జిన్ లెక్క. మీ క్యాలిక్యులేటర్‌లో కూడా ఒకసారి నొక్కి చూసుకోండి.

మీ లైన్‌లో దీనికి తోడు మూడో ధర ఒకటుంది, కంపెనీ లిస్టు ధర. పైపుల మీద "లిస్టులో 40 ప్లస్ 5" ఇస్తారు అనుకుందాం. అది 45 కాదు. 100లో 40 తీస్తే 60, ఆ 60లో 5 శాతం తీస్తే 57. తగ్గింది 43. మీరు దాన్ని లిస్టు మీద 30 శాతం తగ్గించి 70కి అమ్మారు. 43లో 30 పోతే 13 శాతం మిగిలింది అనుకుంటారు. అది లిస్టు ధర మీద 13 శాతం. ఆ లిస్టు ధర మీరూ కట్టలేదు, కస్టమరూ కట్టలేదు. కొన్న 57 మీద చూస్తే మీ మార్కప్ 22.8 శాతం. అమ్మిన 70 మీద చూస్తే మార్జిన్ 18.6 శాతం. ఒకే పైపుకి మూడు శాతాలు. అందుకే బిల్లులో డిస్కౌంట్ శాతం ఎంతుందో చూసి ఆగిపోకండి, ముక్క మీకు ఎంత పడిందో రూపాయల్లో రాసి పెట్టుకోండి.

ఆ పడిన ధరలో లారీ కిరాయి, హమాలీ కూడా కలపాలి. స్కీముల్లో పది కొంటే ఒకటి ఉచితం అంటే 10 శాతం తగ్గినట్టు కాదు. పదకొండింటికి పదింటి డబ్బు కట్టారు, కాబట్టి 9.09 శాతం. అది కూడా పదకొండూ అమ్ముడైతేనే.

జీఎస్టీ గురించి ఒక్క జాగ్రత్త. కొన్నదీ అమ్మిందీ రెండూ పన్నుతో చూసినా, రెండూ పన్ను లేకుండా చూసినా శాతం మారదు. ఒకటి పన్నుతో, ఒకటి పన్ను లేకుండా చూస్తేనే కొంప మునుగుతుంది. మీరు ఎక్కువగా అమ్మే సరుకు 18 శాతం పన్నులో ఉంటుంది. ఇన్వాయిస్‌లో పన్నుకి ముందున్న 100 చూసి, 20 వేసుకుని, కస్టమర్‌కి "అన్నీ కలిపి 120" అన్నారంటే, అందులో మీ అమ్మకం 101.69 మాత్రమే. మిగతాది ప్రభుత్వానిది. మీకు మిగిలింది 1.69. అలాగే గల్లాలోకి, యూపీఐలోకి వచ్చిన మొత్తాన్ని అమ్మకంగా తీసుకోకండి. మీ 60 లక్షల అమ్మకం మొత్తం 18 శాతం సరుకే అయితే చేతికి వచ్చింది 70.80 లక్షలు. 10 లక్షల్ని దాంతో భాగిస్తే 14 శాతం వస్తుంది, మళ్లీ కంగారు మొదలవుతుంది. మీరు కాంపొజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టే జీఎస్టీ పద్ధతిలో, ఉంటే మాత్రం కథ వేరు. కట్టిన పన్ను వెనక్కి రాదు కాబట్టి పన్నుతో కలిపిందే మీకు పడిన ధర.

ఇంత చెప్పాక మార్కప్ పనికిరాని లెక్క అనుకునేరు. అలా కాదు. మీ డబ్బు ఏ సరుకులో పెట్టాలి అన్న ప్రశ్నకి మార్కప్పే జవాబు చెప్తుంది, ఎందుకంటే అది మీరు పెట్టిన డబ్బు మీద లెక్క. సిమెంటు మీద 3 శాతమే వేసుకోగలుగుతున్నారు, కానీ పది రోజులకోసారి లోడు ఖాళీ అయి డబ్బు తిరిగొస్తోంది అనుకోండి. ఏడాదికి 36 సార్లు. లక్ష రూపాయలు పెడితే ఏడాదిలో లక్షా ఎనిమిది వేలు మిగులుతుంది. ఫ్యాన్సీ కుళాయిల మీద 30 శాతం వేశారు, అవి ఏడాదికి ఒక్కసారే అమ్ముడవుతాయి. లక్షకి 30 వేలు. శాతం చూసి సిమెంటుని చిన్నచూపు చూడకూడదు. అయితే బిల్డర్ సిమెంటు డబ్బు 60 రోజులకి ఇస్తే ఈ లెక్కంతా తారుమారవుతుంది. పది రోజులు గోడౌన్‌లో, 60 రోజులు అరువులో, మొత్తం 70 రోజులకోసారి తిరుగుతుంది. ఏడాదికి ఐదుసార్లు. 3 శాతం ఐదుసార్లంటే 15. దానికంటే ఆ కుళాయిలే నయం. అరువు ఇచ్చేటప్పుడు చాలామంది డబ్బు వస్తుందా రాదా అని మాత్రమే ఆలోచిస్తారు. ఎప్పుడొస్తుంది అన్నది కూడా అంతే ముఖ్యం.

మార్జిన్ మాటకి బ్యాంకులో ఇంకో అర్థం ఉంది. సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, సరుకు హామీ మీద వాడుకునే అప్పు) ఇచ్చేటప్పుడు "స్టాకు మీద 25 శాతం మార్జిన్" అంటే 10 లక్షల స్టాకు మీద ఏడున్నర లక్షలే వాడుకోనిస్తారని అర్థం, మిగతాది మీ సొంత డబ్బు. దానికీ లాభానికీ సంబంధం లేదు. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం తెచ్చిన పీఎంఈజీపీ పథకంలోని మార్జిన్ మనీ సబ్సిడీ కూడా ఈ కోవలోదే. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చిన్న వ్యాపారాలకు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం లాభంగా చూపే పద్ధతి ఉంది కదా, అది అమ్మకం మీద లెక్క. కాబట్టి దాన్ని మీ నికర మార్జిన్‌తో, అంటే ఖర్చులన్నీ పోను మిగిలేదానితో, పోల్చుకోండి, మార్కప్‌తో కాదు.

మీరిప్పుడు చేయాల్సిన పని. కావాల్సిన మార్జిన్‌ని బట్టి ధర పెట్టాలంటే గుణించకండి, భాగించండి. 20 శాతం మిగలాలంటే పడిన ధరని 0.80తో, 25 మిగలాలంటే 0.75తో, 15 చాలనుకుంటే 0.85తో. అన్ని వస్తువులకీ ఒకే శాతం పెట్టడం మానేయండి. సిమెంటు, పేరున్న కంపెనీ పైపులు, వైరు బండిళ్ల రేట్లు ప్రతి మేస్త్రీకీ నోటికి వచ్చు. అక్కడ రూపాయి పెంచినా పక్క షాపుకి పోతారు. టెఫ్లాన్ టేపు, క్లాంపులు, స్క్రూలు, వాషర్లు, ఎల్బోల రేటు ఎవరూ నాలుగు చోట్ల వాకబు చేయరు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉన్నవాటిని దాన్ని దాటకుండా చూసుకుంటూ, ఈ చిల్లర సరుకులో 30, 35 శాతం మార్జిన్ పెట్టుకోవచ్చు. షాపు మొత్తానికి 20 శాతం అలానే వస్తుంది, అన్నిటి మీదా సమానంగా పెంచితే రాదు.

స్టాకు లెక్క అయ్యాక నాలుగు అంకెలు ఇక్కడ పెట్టండి. ఏడాది మొదట్లో ఉన్న స్టాకు, ఏడాది కొనుగోళ్లు, పన్ను కాకుండా అమ్మకాలు, లెక్కపెట్టి తేల్చిన క్లోజింగ్ స్టాకు. పగిలినవి, కంపెనీకి వెనక్కి పంపినవి విడిగా రాయండి. అవి చూస్తే మీ తరుగు ఎంతో, అది మీ లైన్‌లో మామూలా కాదా చెప్పగలను.